గిడుగు రామమూర్తి పంతులు: బడిపిల్లల వ్యాసరచన

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఎరుగనివారు లేరు. అయితే ఆ ఉద్యమానికి మూలం పండితగోష్ఠి కాదు, బడి. పిల్లవాడు తాను చూచినదాన్ని వివరించడానికి, తనకు తోచినదాన్ని సమర్థించి చెప్పడానికి ఏ తెలుగు వాడాలి అన్న ప్రశ్నే పంతులుగారిని వాదరంగంలోకి దింపింది.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో వారు జన్మించారు. 1875లో తండ్రి వీర్రాజుగారు మరణించగా విజయనగరంలో బంధువుల యింట చదువు సాగింది. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్నతరగతికి ఉపాధ్యాయులుగా చేరి, ఉద్యోగం చేస్తూనే పట్టభద్రులై, 1911లో విశ్రాంతి తీసుకున్నారు. చెప్పినది చరిత్ర, జీవితమంతా ఆకర్షించినది భాష.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో నివసించే సవరల భాష ముండా కుటుంబానికి చెందినది. ఆ బిడ్డకు బడి తెలుగు పూర్తిగా పరభాష. పంతులుగారు సవర నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు వ్రాసి, స్వంత ఖర్చుతో బడులు పెట్టి, పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. మాతృభాషలో మొదలైన చదువు పట్టుబడే తీరును అక్కడ కళ్ళార చూచిన మనిషి, తెలుగు బాలునికి ఆ సౌకర్యం ఎందుకు లేదని అడగడం సహజమే.

ఆ ప్రశ్నకు అవకాశం 1907లో కలిగింది. ఉత్తర జిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఎ. ఏట్సు దొరకు జనం మాటాడే తెలుగుకూ బడిలో చెప్పే తెలుగుకూ గల దూరం వింతగా తోచింది. విశాఖపట్నం కళాశాల ప్రధానాచార్యులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ సమస్యను అప్పారావుగారికీ పంతులుగారికీ అందించారు. స్కూలు ఫైనలు విధానంలో దేశభాషా వ్యాసరచన పరీక్షాంశం కావడంతో విషయం తీవ్రమైంది.

ఇబ్బంది ఎక్కడ ఉన్నదో చూడాలి. ఊరి చెరువును గూర్చి నాలుగు వాక్యాలు వ్రాయబోయే బాలుడు వచ్చాడు అనే మాటను వచ్చెను అని మార్చాలి. ద్రుతం తరువాతి పరుషాన్ని సరళం చేయాలి. అరసున్నను, బండిరను స్థానం తప్పక నిలపాలి. ఇవన్నీ చక్కబెట్టుకొనేసరికి చెరువు మరుగున పడుతుంది. వాదించవలసిన విషయమైతే మరీ కష్టం: హేతువు నోటికి వచ్చిన భాష ఒకటి, కలం కోరేది వేరొకటి.

జయంతి రామయ్య పంతులుగారి పక్షానికీ ఆధారం లేకపోలేదు. నోటిమాట ప్రాంతాన్ని బట్టి మారుతుంది గనుక వ్రాతభాషలోని ఐక్యం చెడుతుందని వారి భయం. శిష్టులు నిత్యం మాటాడే భాషకు తగినంత ఏకరూపత ఉన్నదని రామమూర్తిగారి సమాధానం. గ్రాంథికాన్ని శాసించే పండితులే దాన్ని తప్పులు లేక వ్రాయలేరని వారి గ్రంథాలనుండే ఉదాహరణలు గుట్టలుగా చూపారు. బాలకవి శరణ్యంలో పూర్వకవుల ప్రయోగాలను బాలవ్యాకరణ సూత్రాల ఎదుట నిలిపారు. గద్యచింతామణిలో పాత వచన రచనలనుండి సాక్ష్యం తెచ్చారు. తప్పులెన్నడంలో ఒక్కొక్కచోట మితి తప్పిన మాట నిజమే. కాని ఆధారం ముందుంచి ఆపైన నిర్ణయం చెప్పే ఆ పద్ధతి వాదరచన నేర్వగోరే విద్యార్థికి ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోదు.

1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు వ్యాసరచనా ఉపసంఘంలో ఓటు గ్రాంథికానికే దక్కింది. అప్పారావుగారు అసమ్మతి పత్రం సమర్పించి, మరుసటి సంవత్సరమే కన్నుమూశారు. వంగభాషలో ప్రమథ చౌధురి చలితభాష కోసం సబుజ్ పత్ర ప్రారంభించినదీ 1914లోనే. ఈ రెండు చరిత్రలను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఎంతో అవసరం. మిత్రుడు పోయిన తరువాత రామమూర్తిగారు 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. అది దీర్ఘకాలం నిలవలేదు. వారు మాత్రం ఊరూరా తిరిగి ఉపన్యసించడం మానలేదు.

సవర భాషా కృషికి ఫలంగా 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయ్యాయి. ఈ రెంటి నడుమ, 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా పంతులుగారు అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. 1940 జనవరి 22న మద్రాసులో పరమపదించారు.