కలమునకు కట్టుబాటు

పత్రిక లోకమునకు బుద్ధిచెప్పును. పత్రికకు బుద్ధిచెప్పవలసిన దెవరు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో మన తెలుగువారు మానికొండ చలపతిరావుగారు ఒకరు.

1938లో నెహ్రూ లక్నోలో నెలకొల్పిన నేషనల్ హెరాల్డునకు తొలి సంపాదకులు కోటంరాజు రామారావుగారు. వారివద్ద పనిచేసిన చలపతిరావుగారు 1946లో తామే సంపాదకులై, మూడు దశాబ్దములకు పైగా ఆ పీఠమున నిలిచిరి. సంపాదకుడు సాధారణముగా యాజమాన్యమునకు చేరువవాడు. వీరు మాత్రము జీతముమీద బ్రదుకు పాత్రికేయుల పక్షము వహించి, 1950లో ఏర్పడిన వారి అఖిల భారత సమాఖ్యకు తొలి అధ్యక్షులైరి.

1952లో జస్టిస్ రాజాధ్యక్ష నాయకత్వమున ఏర్పడిన ప్రెస్ కమిషన్‌లో వీరును సభ్యులు. పత్రికల నడవడిని విచారించుటకు ప్రెస్ కౌన్సిల్ ఉండవలెనని 1954లో ఆ కమిషన్ సూచించెను. ఇట్టి సంస్థయనగానే పత్రికా రచయితలకు రెండు శంకలు కలుగుట సహజము. కోరలున్నచో అది ప్రభుత్వము చేతి కొరడా యగునేమో! కోరలు లేనిచో దానిని లెక్కచేయువా రెవరు? నడుమనున్న తోవ యొకటే: తోటివారి మందలింపునకు సిగ్గుపడు గుణము. కాని ఉద్యోగమునకు భద్రత లేనివానికి ఆ గుణము నిలుచు టెట్లు? యజమాని వ్రాయుమన్న అబద్ధమును కాదన్నచో, మరునాడు వాని యింట పొయ్యిలో పిల్లి లేవదు. కట్టుబాటునకు ముందు కూటికి భరోసా కావలెను.

ఆ భరోసాకై 1955లో పాత్రికేయుల చట్టము వచ్చెను. కౌన్సిల్ చట్టము మాత్రము 1965 వరకు రాలేదు. 1966 జూలై 4న జస్టిస్ ముధోల్కర్ అధ్యక్షతన కౌన్సిల్ ఏర్పడెను. దానికి జరిమానా విధించు శక్తి లేదు, చెరకు పంపు శక్తి లేదు. హెచ్చరించుట, మందలించుట, తప్పుపట్టుట, ఇంతియే దాని ఆయుధములు.

కోరలు లేని ఆ సంస్థనుకూడ అధికారము సహింపలేదు. అత్యవసర పరిస్థితిలో, 1975 డిసెంబరులో, ఒక ఆర్డినెన్సు దానిని రద్దుచేసెను. పత్రికలపై సెన్సారు అప్పటికే వచ్చి కూర్చుండెను. తాము సభ్యులైన కమిషన్ నాటిన మొక్కను, తమ పత్రిక చిరకాలము బలపరచిన పక్షమే పెరికివేయుట చలపతిరావుగారు చూడవలసివచ్చెను. 1978లో క్రొత్త చట్టముతో ఆ మోడు మరల చిగిర్చినది. 1983లో ఆయన ఢిల్లీలో కన్నుమూసిరి.

కౌన్సిల్ నేటికిని మందలింపగలదే గాని దండింపజాలదు. ఇది లోపమని కొందరు, రక్షణయని కొందరు పాత్రికేయులు వాదింతురు. చలపతిరావుగారి జీవితము తలచుకొన్నచో, వాదమునకు మూలము వేరొకచోట కనబడును. పరుల కొరడా అక్కరలేదనువాడు తన కలమును తానే అదుపున నుంచుకొనవలెను; అట్లుంచుకొను స్వేచ్ఛ వానికి ముందుగా దక్కవలెను.