యల్లాప్రగడ సుబ్బారావుగారు: జీవకణపు లెక్క

ఆంధ్రదేశమున పుట్టి, పరదేశమున పనిచేసి, సర్వలోకమునకు ఉపకరించి, తన పేరు తనవారికే అంతగా తెలియకుండ వెడలిపోయిన మహనీయులలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. నేడు ఇంటింట వినవచ్చు మధుమేహ వ్యాధి శరీరమును ఎట్లు చెఱచునో తెలియవలెనన్నచో, శరీరమందలి ప్రతి కణము ఏ ధనముతో బ్రతుకుచున్నదో మొదట తెలియవలెను. ఆ ధనమును లోకమునకు చూపినవారిలో సుబ్బారావుగారు ఒకరు. కావున వారి చరిత్రమును, ఆ వ్యాధి తత్త్వమును కలిపి తెలిసికొనుట ఉచితము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ ఉద్యోగి. అనారోగ్యముచే ముందుగనే కొలువు విడిచిరి. తల్లి వేంకమ్మగారు. సంతానము అధికము, ఆదాయము స్వల్పము. బాల్యమున సుబ్బారావుగారి మనస్సు పాఠములపై నిలువలేదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన పిల్లవానిని పనికిరానివానిగా ఎంచు తల్లిదండ్రులకు ఈ సంగతి గమనింపదగినది. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా రామకృష్ణ మఠమువారి యందు భక్తి కుదిరి సన్యసింపగోరిరి. తల్లి సమ్మతింపలేదు. వైద్యము నేర్చి రోగులను సేవించుటయు సన్యాసముతో సమానమే యని తలచి మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి.

అది సహాయ నిరాకరణపు కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు దుస్తులతో పోయిరి. ఆంగ్లేయుడగు ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. వ్రాతపరీక్షలలో నేర్పు చూపినను, తుదకు చేతికి అందినది ఎం.బి.బి.ఎస్. పట్టము కాదు, దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే.

అంతలో గృహమున గొప్ప విపత్తు సంభవించెను. స్ప్రూ అను గ్రహణీరోగమునకు ఇరువురు సోదరులు కొలది దినముల యెడముతో బలియైరి. ఆ రోగమే సుబ్బారావుగారికిని సోకగా, ప్రసిద్ధ వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికి బయటపడిరి. అటుపిమ్మట మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకులైరి. తోబుట్టువులను మ్రింగిన రోగమునకు మూలమేమో తెలిసికొనవలెనను తపన మాత్రము చల్లారలేదు. మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి ఆదరణముతోను అమెరికాకు పయనమైరి. భార్య శేషగిరిగారిని మరల చూచు భాగ్యము వారికి కలుగలేదు.

బోస్టను నగరమందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రమభ్యసించి 1924లో డిప్లొమా పొందిరి. పగలు చదువు, రాత్రి ఒక ఆసుపత్రిలో కూలిపని. ఆ దినములలోనే మధుమేహ చికిత్సలో నూతన యుగము ఆరంభమగుచుండెను. మూత్రము తేనెవలె తీపియగు ఈ వ్యాధిని మన చరక సుశ్రుతులు ప్రాచీనకాలముననే వర్ణించిరి. అయినను, బాల్యమున అది సోకినవారికి మరణము తప్ప మార్గములేక యుండెను. 1921లో కెనడాదేశపు టొరొంటో నగరమున బాంటింగు, బెస్టు అను పరిశోధకులు క్లోమగ్రంథి నుండి ఇన్సులిన్‌ను వేరుచేసిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునకు దానిని తొలిసారిగా సూదితో ఎక్కించి ప్రాణము నిలిపిరి. ఇన్సులిన్ ఇచ్చినచో నెత్తుటిలోని చక్కెర తగ్గునని తెలిసెను గాని, కణములోనికి పోయిన చక్కెర ఏమగునో, ఏ రూపమున శక్తిగా మారునో స్పష్టము కాలేదు. ఆ లోపలి లెక్కను తేల్చు పనిలో సుబ్బారావుగారి చేయి పడినది.

హార్వర్డులో ఆచార్య సైరస్ ఫిస్కె వద్ద చేరి, నెత్తుటిలోను మూత్రములోను ఉన్న భాస్వరమును కొలుచు ఉపాయమును సాధించిరి. పరీక్షింపవలసిన ద్రవమునందు కొన్ని రసాయనములను కలిపినచో నీలవర్ణము పుట్టును. ఆ నీలిమ ఎంత గాఢమో భాస్వరము అంత. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతి ఫిస్కె-సుబ్బారావు పద్ధతియను పేర లోకమందలి ప్రయోగశాలలకు ప్రమాణమయ్యెను. కొలత కుదిరినగాని నిజము బయటపడదు. ఆ కొలతతోనే కండరములను శోధింపగా, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము కనబడెను. కండరము పనిచేయునప్పుడు అది తరుగును. విశ్రమించునప్పుడు మరల నిండును. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా నేడు ఏటీపీ యని వ్యవహరించునది, వెలికివచ్చెను. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ వేరుగా దానిని కనుగొనెను. కండరబలమునకు లాక్టికామ్లమే మూలమను సిద్ధాంతము దీనితో నిలువలేక పోయెను. 1930లో సుబ్బారావుగారు డాక్టరేటు పొందిరి.

ఈ ఏటీపీ యనగా నేమి? రైతు గాదెలో జొన్నలు నిండుగ నున్నను అంగడిలో అవి నాణెమువలె చెల్లవు. అమ్మి సొమ్ము చేసికొనవలెను. శరీరమున అన్నము, రొట్టె, పండు జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా నెత్తుటిలో చేరును. అది గాదెలోని ధాన్యము వంటిది. ఏటీపీ చేతిలోని నాణెము. కండరము కదలుటకు, నరము వార్త మోయుటకు, గాయము మానుటకు చెల్లునది ఆ నాణెమే. విత్తు చల్లనిదే పంట రానట్లు, కణము మొదట రెండు ఏటీపీలు ఖర్చుపెట్టి చక్కెరను పనికి సిద్ధపరచును. పిదప మైటోకాండ్రియా యను సూక్ష్మమైన టంకశాలలలో ప్రాణవాయువు సాయముతో దానిని దహించి, ఒక్కొక్క గ్లూకోజు అణువు నుండి సుమారు 30 ఏటీపీలను రాబట్టును.

క్లోమగ్రంథి చక్కెరను తూచు త్రాసు సైతము ఈ ఏటీపీయే యని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. భోజనానంతరము చక్కెర బీటాకణములలో ప్రవేశించి ఏటీపీని పెంచును. ఏటీపీ పెరుగగానే ఆ కణపు పొరయందు పొటాషియము వెడలు ద్వారము మూసికొనును. కాల్షియము లోనికి వచ్చును. ఇన్సులిన్ వెలికి చిమ్మబడును. నేడు వైద్యులు వ్రాయు గ్లిమిపిరైడు మాత్ర మూయునది ఆ ద్వారమునే. ఇన్సులిన్ నెత్తుటిలో ప్రసరించి కండరముల యొక్కయు క్రొవ్వు యొక్కయు వాకిళ్లు తెరచి చక్కెరను లోనికి పంపును.

ఈ ఏర్పాటు చెడుటయే మధుమేహము. కొందరిలో, ముఖ్యముగా పిల్లలలో, శరీరపు రక్షకబలమే పొరపడి బీటాకణములను నశింపజేయును. ఎక్కువమందిలో కండరములు, కాలేయము ఇన్సులిన్ మాటను సరిగా వినవు. క్రమముగా బీటాకణములును అలసిపోవును. గాదె పొర్లిపోవుచుండగా ఇంటిలో పస్తు పడినట్లు, నెత్తుటిలో చక్కెర నిండియుండియు కండరము ఆకలిగొనును. నీరసము, దాహము, మాటిమాటికి మూత్రము, తిన్నను చిక్కిపోవుట ఇందువలననే.

అయితే కొన్ని కణముల వాకిళ్లకు ఇన్సులిన్ తాళము లేదు. కంటి వెనుకటి పొర, మూత్రపిండము, నరములు, నెత్తుటి గొట్టముల లోపలి అంచు అట్టివి. నెత్తుటిలో చక్కెర ఎంత పెరిగిన, వానిలోను అంత పెరుగును. తుంగభద్ర ఆలంపురమునకు ప్రాణాధారము. ఆ తల్లియే 2009 అక్టోబరు మాసమున పొంగి ఊరిని ముంచినప్పుడు ఏ నీరు పంట పండించునో ఆ నీరే గోడలు కూల్చినది. చక్కెరయు నట్టిదే. మితముగా నున్నంతవరకు జీవనము. మితిమీరి తలుపులేని యింట జొచ్చినచో వినాశము.

ఆ వినాశము ముఖ్యముగా మూడు విధముల జరుగును. మొదటిది, మోయలేని చక్కెరను దహింపబోయి మైటోకాండ్రియాలు విషమించిన ప్రాణవాయు కణములను నిప్పురవ్వలవలె వెదజల్లును. ఏటీపీని ముద్రించు టంకశాలయే తన యింటికి నిప్పు పెట్టుకొనుట ఇది. తక్కిన హానులకును ఇదియే మూలమై యుండునని 2001లో అమెరికాలోని మైకేల్ బ్రౌన్లీ బృందము ప్రతిపాదించెను. రెండవది, బెల్లపుపాకము చేతికి అంటినట్లు చక్కెర మాంసకృత్తులకు అంటుకొనును. నెత్తుటి గొట్టముల గోడలు ఆ జిగటచే బిరుసెక్కి సాగుగుణమును కోల్పోవును. మూడవది, మిగులు చక్కెర సార్బిటాల్ అను వేరొక పదార్థముగా మారును. ఈ మార్పు కొరకు, కణము తన్ను తాను కాపాడుకొనుటకు దాచుకొన్న సంపద ఖర్చగును. కంటి కటకమునందు ఇది చేరుట వలన శుక్లము త్వరగా వచ్చుట కలదు.

ఫలితము అవయవములలో బయటపడును. కంటిపొరలోని సన్నని నాళములు కారి, చిట్లి చూపు పోవును. మూత్రపిండపు జల్లెడ చెడి మాంసకృత్తులు మూత్రమున జారిపోవును. పాదముల నరములు మొద్దుబారును. చెలకలో తుమ్మముల్లు దిగినను తెలియదు. పుండు పడినను నొప్పి లేదు. తుదకు కాలు తీయవలసి వచ్చును. గుండెకును మెదడునకును పోవు పెద్దనాళములు పూడి గుండెపోటు, పక్షవాతము కలుగును. ఇవన్నియు ఒక్కనాటివి కావు. ఏండ్ల తరబడి నొప్పి లేకుండ పెరుగు బాకీ యిది. వడ్డీ కనబడదు, అసలుతో కలిపి ఒక్కసారిగా వసూలునకు వచ్చును.

ఆ బాకీని ముందుగ చూచుటకు మార్గము కలదు. ఎఱ్ఱ రక్తకణము సుమారు 120 దినములు జీవించును. అన్నాళ్లు దానికి అంటుకొన్న చక్కెర ఎంతో కొలుచుటయే హెచ్‌బీఏ1సీ పరీక్ష. గడచిన రెండు మూడు నెలల జమాఖర్చు ఇందు తెలియును. ఈ లెక్క 6.5 శాతమైనను, పరగడుపున చక్కెర 126 మిల్లీగ్రాములైనను, అంతకు మించినను మధుమేహముగా ఎంతురు. లక్షణములు లేనివారికి మరొకసారి పరీక్షించి నిర్ణయింతురు. చక్కెరను అదుపులో నుంచినచో కన్ను, మూత్రపిండము, నరము చెడుట గణనీయముగా తగ్గునని అమెరికా, కెనడాలలో 1993లోను, బ్రిటనులో 1998లోను వెలువడిన దీర్ఘ పరిశోధనలు నిరూపించినవి.

సుబ్బారావుగారి చరిత్రము ఏటీపీతో ముగియలేదు. ఇంతటి కృషి చేసినను హార్వర్డులో వారికి తగిన స్థిరపదవి లభింపలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలలో చేరి పరిశోధనకు నాయకులైరి. వారి బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను పొట్టనబెట్టుకొన్న స్ప్రూ రోగమునకు అది ఔషధమయ్యెను. నేడు ఆరోగ్య కార్యకర్తలు గర్భిణులకు పంచు ఇనుము మాత్రలో ఉన్నదియు అదియే. బోదకాలు నివారణకై తెలంగాణ జిల్లాలలో ఇంటింట పంచిన డీఈసీ మాత్ర, పిల్లల రక్తక్యాన్సరుపై తొలుత పనిచేసిన అమినోప్టెరిను, 1948లో వెలువడిన ఆరియోమైసిను వారి నాయకత్వమున వచ్చినవే. పేరు కొరకు ముందునకు రాని స్వభావము వారిది. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, న్యూయార్కు ప్రాంతమున గుండెపోటుతో కన్నుమూసిరి. స్వతంత్ర భారతమును కంటితో చూచుకొనుటకు నోచుకొనలేదు. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ వారి పేర బిళ్ల వెలువరించెను.

భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారము దేశమున మధుమేహము కలవారు 10 కోట్లకు పైబడియున్నారని 2023లో ప్రకటింపబడెను. ఇది పట్టణపు ధనికుల రోగమను భ్రమ ఇక చెల్లదు. 30 ఏండ్లు దాటినవారు చక్కెర పరీక్ష చేయించుకొనుట మేలు. వ్యాధి కలవారు ఏటేట కన్నును, మూత్రమును పరీక్షింపించుకొనవలెను. ప్రతిరాత్రి పాదములను చూచుకొనవలెను. చెప్పులు లేక చేనిలో అడుగిడరాదు. ఒంటిలో బాగున్నదని మందు మానుట తగదు. మాత్ర మ్రింగి భోజనము మానుటయు ప్రమాదము. ఇన్సులిన్ వ్రాసిన వైద్యుని చూచి తుదిఘడియ వచ్చినదని భయపడుట అజ్ఞానము. 1922 నుండి అది ప్రాణదానమే చేయుచున్నది. అన్నపు ముద్ద తగ్గించి, పప్పు, కూర, ఆకుకూర పెంచి, నిత్యము నడచుట అందరికిని సాధ్యమే.

భాస్వరమును కొలుచుట నేర్చినందుననే సుబ్బారావుగారికి ప్రాణశక్తి రహస్యము చిక్కినది. తన నెత్తుటి లెక్కను వేళకు చూచుకొను గృహస్థుడు తన కన్నును, కాలును, గుండెను కాపాడుకొనును. ఆ మహనీయునకు గ్రామీణులు చెల్లింపగల ఋణము ఇదియే.