రాయలసీమకు పేరు పెట్టిన పండితుడు

చిలుకూరి నారాయణరావు శ్రీకాకుళం ప్రాంతమున జన్మించిన భాషావేత్త. అనంతపురంలోని దత్తమండల కళాశాలలో ఆంధ్రోపన్యాసకులుగా పనిచేసి, ఆ కరవుసీమనే తన కర్మభూమిగా చేసికొన్నారు.

1800లో నిజాం నవాబు, తన రక్షణకై నిలిపిన సైన్యపు వ్యయమునకు బదులుగా బళ్లారి, కడప మొదలగు ప్రాంతములను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. నాటినుండి ఆ నేలకు దత్తమండలమన్న పేరు స్థిరపడింది. ఒకరు ఇవ్వగా మరొకరు పుచ్చుకొన్న సొత్తు అనుటయే దాని అర్థం. పెనుగొండ రాజధానిగా విజయనగర రాయలు ఏలిన నేలకు ఆ పేరు అవమానకరమైనది. 1928లో నంద్యాల సభలలో నారాయణరావు రాయలసీమ అన్న పేరును సూచించగా సభ్యులు హర్షించి ఆమోదించారు.

పేరు మారినంత మాత్రాన కుందుర్పి వంటి మెట్టపల్లెలలో వానలు కురియలేదు. అయినను చెదరియున్న జిల్లాలకు ఒక్కటే గొంతు లభించింది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్రా జలాలలో ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని లేదా ఉన్నత న్యాయస్థానం సీమకు దక్కవలెనని తీర్మానించారు. ఆ హామీల అమలుకై పోరాటములు తరువాత కూడ సాగినవి.

ఆ సంవత్సరముననే నారాయణరావు ఆంధ్రభాషా చరిత్రము వెలువడింది. సమస్త తెలుగువారి భాషకు చరిత్ర రచించిన చేతులే ఒక సీమకు గౌరవనామమును ప్రసాదించినవి. ప్రాంతాభిమానమునకు, జాతి ఐక్యతకు వైరము లేదనుటకు ఆయన జీవితమే నిదర్శనం.