జాన్ బి. వాట్సన్

జాన్ బ్రాడస్ వాట్సన్ (జనవరి 9, 1878 - సెప్టెంబర్ 25, 1958) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ మనస్తత్వ శాస్త్రవేత్త, ప్రవర్తనావాదానికి ఆద్యుడు. ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థులకు ఈయన పేరు ఎక్కువగా చిన్నారి ఆల్బర్ట్ ప్రయోగం ద్వారానే పరిచయం. అయితే ఈయన వృత్తి జీవితంలో దాదాపు పాతికేళ్ళు విశ్వవిద్యాలయాలలో కాక వ్యాపార ప్రకటనల సంస్థలలో గడిచాయి. కొనుగోలుదారు ఒక వస్తువును ఎంచుకోవడంలో నాలుక, ముక్కు, కన్ను పాత్ర ఎంత, ఆ వస్తువు పేరుతో ముడిపడిన భావోద్వేగం పాత్ర ఎంత అన్న ప్రశ్నను పరీక్షకు పెట్టిన తొలితరం వారిలో ఈయన ఒకడు.

బాల్యం, విద్యాభ్యాసం

వాట్సన్ దక్షిణ కరోలినా రాష్ట్రంలోని ట్రావెలర్స్ రెస్ట్ వద్ద ఒక పేద కుటుంబంలో జన్మించాడు. తల్లి ఎమ్మా గొప్ప దైవభక్తురాలు. కుమారుడు మతబోధకుడు కావాలని ఆశించి, ఆ కాలపు ప్రసిద్ధ బాప్టిస్టు బోధకుని పేరునే అతనికి పెట్టింది. తండ్రి పికెన్స్ తాగుబోతు. 1891లో కుటుంబాన్ని విడిచి వెళ్ళిపోయాడు. కొట్లాటలతో చెడ్డపేరు తెచ్చుకున్న వాట్సన్ 16వ ఏట ఫర్మన్ విశ్వవిద్యాలయంలో చేరి, 1899లో ఎం.ఎ. పట్టా పొందాడు. 1903లో చికాగో విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు అందుకున్నాడు.

ఎలుకలపై ప్రయోగాలు

తెల్ల ఎలుక చిక్కుదారిలో తన మార్గాన్ని ఏ ఇంద్రియం సహాయంతో నేర్చుకొంటుంది? ఈ విషయమై వాట్సన్ 1907లో ప్రచురించిన పరిశోధన ముఖ్యమైనది. ఆయన కొన్ని ఎలుకలకు చూపును, కొన్నిటికి వాసన శక్తిని, మరికొన్నిటికి వినికిడిని శస్త్రచికిత్సతో తొలగించాడు, మీసాలు కత్తిరించాడు. అయినా అవి దారిని నేర్చుకోగలిగాయి. కండరాల కదలికల నుండి కలిగే అనుభూతే వాటికి ప్రధాన ఆధారమని ఆయన తేల్చాడు. మూగజీవులను హింసించాడని పత్రికలలో తీవ్రమైన విమర్శలు వచ్చాయి. ఒక్కొక్క ఇంద్రియాన్ని మూసివేసి, ప్రవర్తన ఏమేరకు మారుతుందో గమనించే ఈ పద్ధతే తరువాతి కాలంలో, హింస లేని రూపంలో, పొగతాగేవారిపై ఆయన ప్రయోగించాడు.

ప్రవర్తనావాదం, ఆల్బర్ట్ ప్రయోగం

1908లో వాట్సన్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. మనస్తత్వ శాస్త్రం అంతరంగ పరిశీలనను వదలి, బయటకు కనిపించే ఉద్దీపనలను, ప్రతిస్పందనలను మాత్రమే అధ్యయనం చేయాలని 1913లో ప్రకటించాడు. 1915లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడైనాడు.

ఆల్బర్ట్ అనే మారుపేరుతో పిలిచిన పసివానిపై రోసలీ రేనర్‌తో కలిసి చేసిన ప్రయోగం 1920లో వెలువడింది. ఆ శిశువు మొదట తెల్ల ఎలుకను చూసి భయపడలేదు. ఎలుక దగ్గరకు వచ్చినపుడల్లా వెనుక నుండి ఉక్కు కడ్డీపై సుత్తితో గట్టిగా మోదడంతో, క్రమంగా ఎలుకను చూస్తేనే ఏడవసాగాడు. కుందేలు, కుక్క, బొచ్చుకోటు కూడా భయం గొలిపాయి. ఏ గుణమూ మారని ఒక వస్తువుకు కొత్త భావోద్వేగాన్ని అతికించవచ్చునని దీని సారాంశం. ఆ భయాన్ని పోగొట్టే ప్రయత్నం జరగకుండానే బిడ్డ ఆసుపత్రి విడిచి వెళ్ళాడు. నేటి నైతిక నియమాల ప్రకారం ఇటువంటి ప్రయోగానికి అనుమతి లభించదు.

అదే సంవత్సరం రోసలీతో వాట్సన్ సంబంధం బయటపడింది. విశ్వవిద్యాలయం ఆయనచే రాజీనామా చేయించింది. భార్య మేరీతో విడాకులైన తరువాత ఆయన రోసలీని వివాహమాడాడు. ఆచార్య పదవికి తలుపులు శాశ్వతంగా మూసుకుపోయాయి.

ప్రకటనా రంగం

న్యూయార్క్‌లోని జె. వాల్టర్ థాంప్సన్ సంస్థ అధ్యక్షుడు స్టాన్లీ రిసార్ ఆయనకు ఉద్యోగమిచ్చాడు. ఒకప్పుడు అఖిల అమెరికా మనస్తత్వవేత్తలకు అధ్యక్షుడుగా ఉన్న వ్యక్తి మిసిసిపీ నదీ తీరం వెంబడి తిరుగుతూ, ఎవరు ఏ రబ్బరు బూట్లు కొంటారో అడిగి రాసుకోవలసి వచ్చింది. తరువాత దుకాణాలకు యూబాన్ కాఫీ అమ్మాడు; మేసీస్ అంగడిలో గుమాస్తాగా నిలబడి కొనుగోలుదారుల ప్రవర్తనను గమనించాడు. 1924లో సంస్థ ఉపాధ్యక్షుడైనాడు.

ఈ దశలో పేర్కొనదగినది 1922లో సంస్థ పత్రికలో వెలువడిన సిగరెట్ల అధ్యయనం. ఒక బ్రాండు తప్ప మరొకటి ముట్టనివారికి కళ్ళకు గంతలు కట్టి వేర్వేరు సిగరెట్లు ఇవ్వగా, తమ బ్రాండు ఏదో వారు గుర్తించలేకపోయారు. రుచి వల్లనే దానిని ఎంచుకున్నామనే వారి నమ్మకం నిలవలేదు. పెట్టె, పేరు కంటికి కనబడినపుడే ఆ రుచి వారికి తెలిసింది. కనుక వస్తువు గుణాలను వర్ణించడం కన్నా, దాని పేరు చూడగానే భయమో, ప్రేమో, ఆత్మగౌరవమో కదిలేటట్లు చేయడమే ప్రకటన పని అని వాట్సన్ వాదించాడు.

జాన్సన్స్ బేబీ పౌడర్ ప్రకటనలు తొలిచూలు తల్లులలోని ఆందోళనను ఆధారం చేసుకుని శుభ్రతను, వైద్యుల మాటను ముందుకు తెచ్చాయి. ఇదే కాలంలో సంస్థ పాండ్స్ క్రీమును రుమేనియా రాణి మేరీ వంటి ప్రముఖుల పేర్లతో ప్రచారం చేసింది. రాణి పేరు వినియోగదారు చర్మానికి కొత్తగా చేర్చే మెత్తదనం ఏమీ లేదు. అయినా ఆ డబ్బాపై చేయి పెట్టినపుడు కలిగే అనుభూతిని అది మార్చగలదు.

ఆధునిక ప్రకటనలను వాట్సనే సృష్టించాడని కొన్ని పుస్తకాలు రాయడం అతిశయోక్తి. ఆయనకు ముందే వాల్టర్ డిల్ స్కాట్ 1903లో, 1908లో ప్రకటనల మనస్తత్వంపై గ్రంథాలు రచించాడు. ప్రముఖుల సిఫారసులు అంతకు ముందునుండే ఉన్నాయి. ఆ వాడుకకు ప్రయోగశాల మర్యాదను కల్పించడం వాట్సన్ చేసిన పని. సిగరెట్ల అధ్యయనంలోని ఊహ మాత్రం తప్పు కాలేదు. 2004లో అమెరికాలో ప్రచురితమైన ఒక మెదడు చిత్రణ అధ్యయనంలో, కోకా-కోలా అని తెలిసి తాగినవారి మెదడులోని స్పందన, తెలియకుండా తాగినపుడు కలిగిన స్పందనకు భిన్నంగా ఉంది.

చివరి రోజులు

పిల్లలను ముద్దు చేయరాదని బోధించిన ఆయన 1928 నాటి పుస్తకం విస్తృతంగా అమ్ముడుపోయి, తరువాత తీవ్ర విమర్శకు గురైంది. 1935లో రోసలీ మరణించింది. అదే కాలంలో విలియం ఎస్టీ సంస్థలోకి మారి, 1945లో పదవీ విరమణ చేసి, కనెక్టికట్‌లోని వ్యవసాయ క్షేత్రంలో ఒంటరిగా గడిపాడు. కుమారుడు విలియం 1954లో ఆత్మహత్య చేసుకున్నాడు.

1957లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ స్వర్ణ పతకం ప్రకటించగా న్యూయార్క్ వరకు వెళ్ళి, సభలో కన్నీళ్ళు ఆపుకోలేనేమోనని జంకి, తన బదులు మరో కుమారుని పంపాడు. అముద్రిత రచనలను, ఉత్తరాలను తన చేతులతోనే తగులబెట్టి, మరుసటి సంవత్సరం సెప్టెంబర్ 25న కన్నుమూశాడు.