మూడో సాలార్‌జంగ్ తుపాకులు

సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే మనూర్ పిల్లలం గడియారం ముందే నిలబడిపోయేవాళ్లం. ఇంజనీరునయ్యాక నా కాళ్లు ఆయుధాల గదికి లాగుతున్నాయి.

తాత సేకరించినవాటికి ఎన్నో రెట్లు చేర్చినవారు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడో సాలార్‌జంగ్. 1889 జూన్‌లో పుట్టారు. నెల తిరగకుండానే తండ్రి పోయారు. 1912లో నిజాంకు దివాన్ అయ్యారు. రెండేళ్లకే ఆ పదవి వదిలి, జాగీరు రాబడిని సేకరణ మీదే పోశారు. కత్తులు, వత్తి తుపాకులు, చెకుముకి తుపాకులు ఒకచోట చేరాయి.

పాత తుపాకీని బాగుచేయడమంటే మెరిపించడం కాదు. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన డబుల్ బ్యారెల్ గొట్టాలనైతే గట్టిగా తోమితే ఆ అల్లిక, తయారీ ముద్ర రెండూ అరిగిపోతాయి. తుప్పు ఆపితే చాలు.

పెళ్లి చేసుకోని ఆయన 1949 మార్చి 2న కన్నుమూశారు. వారసుల్లేని ఆ సొత్తు చెల్లాచెదురు కావలసిందే. కానీ 1951 డిసెంబర్ 16న ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. ఇప్పటి భవనంలోకి 1968లో మారింది.