మంచు వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ (1783–1864)

ఒక వేసవి తొలి దినాలలో మేము విద్యార్థులను వెంటబెట్టుకొని అహోబిలం చూడబోయాము. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా సాగే ఆ దారిలో నల్లమల అడవి ఎదురయ్యేదాకా ఎండకు అడ్డు లేదు. పాలు, పెరుగు, పండ్లు చెడకుండా ఉండుటకై ఒక రేకుపెట్టె సంపాదించి, ఐసుగడ్డను పగులగొట్టి అందులో పోసి, కాచిన పాలు పూర్తిగా ఆరకముందే దానిలో పెట్టి బయలుదేరాము. చల్లని నీళ్ళ కొరకు ఒకరు, పండు కొరకు మరొకరు దారి పొడుగునా మూత తీస్తూనే ఉన్నారు. దిగువ అహోబిలం చేరుసరికి పెట్టెలో మిగిలినది గోరువెచ్చని నీరు. ఎగువ అహోబిలానికి ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉండగానే పాలు విరిగిపోయాయి.

అక్కడి సోడా దుకాణంలో మాత్రం, ఊకలో పూడ్చి గోనెపట్టా కప్పిన ఐసుగడ్డ ఒకటి బండరాయివలె కూర్చుని ఉంది. అది ముందునాటి సాయంకాలం తెచ్చినదట. దుకాణదారుడు మా పెట్టెను చూచి, గడ్డను ఎందుకు పగులగొట్టారనీ, మూత ఎన్నిసార్లు తీశారనీ రెండే ప్రశ్నలు అడిగాడు. మా వద్ద సమాధానం లేకపోయింది. ఆ రెండు ప్రశ్నల విలువ తెలుసుకొనుటకు తన యౌవనమంతటినీ, ధనమంతటినీ వెచ్చించిన ఒక మనిషి జీవితం విద్యార్థులకు చెప్పదగినదని ఆనాడే అనుకున్నాము.

మంచును దూరదేశాలకు తరలించుట అతనితో మొదలైన పని కాదు. అక్బరు పాదుషా లాహోరులో విడిది చేసిన కాలంలో ఉత్తరపు కొండల నుండి మంచు వచ్చేదని అబుల్ ఫజల్ తన ఆయినె అక్బరీలో వ్రాశాడు. మనుషులు మోసి తెచ్చిన మంచు కన్న బండ్లపై వచ్చినది, బండ్ల కన్న పడవలపై వచ్చినది వర్తకులకు ఎక్కువ లాభమిచ్చేదని కూడ ఆబ్దార్ ఖానా ప్రకరణంలో ఉంది. కాని అవి కొలది కోసుల ప్రయాణాలు. భూగోళాన్ని సగం చుట్టి మంచును తెచ్చిన ఘనత బోస్టను నగరవాసి ఫ్రెడరిక్ ట్యూడరుకే చెందుతుంది.

అతడు 1783 సెప్టెంబరు 4న ఒక సంపన్న న్యాయవాది కుటుంబంలో జన్మించాడు. సోదరులు హార్వర్డు విద్యాలయంలో చదువుకొనగా అతడు పదమూడేండ్లకే బడి మానివేశాడు. 1805లో అన్న విలియంతో మాటల మధ్య ఒక ఊహ పుట్టింది. చలికాలంలో తమ ఊరి చెరువులలో ఊరక గడ్డకట్టి ఊరక కరిగిపోయే మంచును ఉష్ణదేశాలకు పంపి అమ్మరాదా అని. అన్నకు అది వేడుక మాట. తమ్మునికి అదే జీవితమైంది. మంచును ఎక్కించుకొనుటకు ఓడ యజమానులెవ్వరూ ఒప్పుకొనలేదు. లోపల కరిగిన నీటితో ఓడ మునుగునని వారి భయం. చివరకు తానే ఫేవరిట్ అనే ఓడను కొని, 1806 ఫిబ్రవరిలో సుమారు 130 టన్నుల మంచుతో కరిబియన్ సముద్రంలోని మార్టినీక్ దీవికి పయనమయ్యాడు. అప్పటికి అతనికి ఇరువది రెండేండ్లు. ఊరివారు నవ్వారు, పత్రికలు పరిహసించాయి.

మూడు వారాల తరువాత ఓడ సెయింట్ పియరీ రేవు చేరింది. మంచు చాలవరకు నిలిచే ఉంది! కాని నేలపై దానిని దాచుటకు ఇల్లు లేదు. కొన్నవారికి దానితో ఏమి చేయవలెనో తెలియదు. ఒకడు మిట్టమధ్యాహ్నం వీధి వెంట తీసికొనిపోయి, పళ్ళెంలో వాకిట పెట్టి, కరిగిపోయినదని ఫిర్యాదు చేశాడు. ఒకడు నీళ్ళ తొట్టిలో వేశాడు. మరొకడు చెడకుండా ఉండునని ఉప్పులో పాతిపెట్టాడు. ఉప్పు తగిలిన మంచు మరింత త్వరగా కరుగునని ఆ అమాయకునికి ఎవరు చెప్పగలరు? ట్యూడరు ఆ దీవిలో ఐస్‌క్రీం చేయించి అమ్మించి కొంత రాబట్టాడు గాని, మొత్తంమీద వేల డాలర్లు నష్టపోయాడు.

తరువాతి పదేండ్లు అప్పుల కాలం. యుద్ధ భయంతో అమెరికా ప్రభుత్వం విదేశ వర్తకాన్ని నిషేధించింది. తండ్రి ఆస్తి హరించిపోయింది. 1812లోను, 1813లోను ట్యూడరు బాకీల కింద చెరసాలకు వెళ్ళాడు. 1815లో అప్పులవారి తరపు అధికారులు రేవు దాకా వెంబడించగా ఓడ ఎక్కి హవానా నగరం చేరాడు.

హవానాలో అతడు చేసిన పనిని మేము అతని జీవితానికి గుండెకాయ అనుకుంటాము. జంటగోడలతో ఒక మంచుగృహాన్ని కట్టించి, గడియారం చేతబట్టి వాకిట నిలిచేవాడు. తలుపు తెరిచినప్పుడు ఎంత నీరు కారుతున్నది, మూసినప్పుడు ఎంత కారుతున్నది అని నిమిష నిమిషమూ కొలిచేవాడు. గోడల మధ్య చెక్కపేళ్ళు నింపి చూశాడు, రంపపు పొట్టు నింపి చూశాడు, వరి ఊక నింపి చూశాడు. మన అహోబిలం దుకాణదారుని ఊక ఇదే. ఈ కొలతల వెనుక ఉన్న శాస్త్రం భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. ఒక గ్రాము మంచు కరుగుటకు కావలసిన ఉష్ణం, అంతే నీటిని సున్న నుండి ఎనుబది డిగ్రీల దాకా వేడిచేయుటకు చాలును. కనుక మంచు సులభంగా కరిగేది కాదు, లోపలికి వేడి చొరబడితేనే కరుగుతుంది. ఊకలోను, పొట్టులోను చిక్కుకొన్న కదలని గాలి ఆ వేడికి అడ్డుగోడ. అది తడిసిందా, అడ్డు పోయినట్లే. అందువలన కరిగిన నీరు నిలువకుండా బయటికి పోవలెను. ఇక గడ్డ పరిమాణం మాట. ప్రక్క కొలత రెట్టింపైతే మంచు ఎనిమిది రెట్లవుతుంది, వేడి తగిలే ఉపరితలం నాలుగు రెట్లే అవుతుంది. గడ్డను పగులగొట్టి పోయుటలో మేము చేసిన తప్పు ఇక్కడ ఉంది.

1816లో అతడే ఒక పెద్ద తప్పు చేశాడు. మంచు దింపిన ఓడ ఖాళీగా తిరిగి వెళ్ళుట ఎందుకని, నూటికి నలుబది వడ్డీకి మూడువేల డాలర్లు అప్పు తెచ్చి, హవానా పండ్లను కొన్నాడు. పదిహేను టన్నుల మంచు, మూడు టన్నుల ఎండుగడ్డి మధ్య వాటిని పేర్చి ఉత్తరానికి పంపాడు. నెల దినాల ప్రయాణంలో దాదాపు అన్నీ కుళ్ళిపోయాయి. కారణం మాకు తోచినంతవరకు ఇది. ఎండదేశపు పండ్లు తమలో వేడిని నింపుకొని ఓడ ఎక్కాయి. పండు కోసిన తరువాత కూడ శ్వాసిస్తూనే ఉంటుంది, వేడిని విడుస్తూనే ఉంటుంది. మంచు తన బలాన్నంతా ఆ వేడిని ఆర్చుటకే ఖర్చుచేసి ఉంటుంది. మా కాచిన పాల కథయు అంతే.

చార్లెస్టన్, సవన్నా, న్యూ ఓర్లియన్స్ నగరాలలో మాత్రం క్రమంగా వ్యాపారం నిలదొక్కుకొంది. నథానియల్ వైత్ అనే సహాయకుడు 1825లో గుర్రం లాగే మంచునాగలిని కల్పించాడు. చెరువుపై పొలం దున్నినట్లు చాళ్ళు తీసి సమచతురస్రాలుగా గడ్డలను కోసేవారు. ఖర్చు తగ్గుట ఒక్కటే లాభం కాదు. ఒకే కొలత గల గడ్డలు సందు లేకుండ ఇటుకలవలె అమరుతాయి, సందు లేనిచోట వేడిగాలికి దారి ఉండదు.

1833 మే 12న టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బోస్టను నుండి కలకత్తాకు బయలుదేరింది. ఆఫ్రికాను చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలు నడిచే ప్రయాణం అది. ఓడ గర్భంలో చెక్కపలకలు పరచి, తోళ్ళు పదునుపెట్టుటకు వాడే చెట్టుబెరడు పొడిని మందంగా నింపి, మంచుపై ఎండుగడ్డి కప్పారు. మన సీమలో ఆ పనికి తంగేడు చెక్క వాడినట్లు అక్కడివారు వేరొక బెరడు వాడేవారు. నడుమ ఎక్కడా ఆ అరను తెరువలేదు. సెప్టెంబరులో ఓడ హుగ్లీ నదిని చేరినప్పుడు సుమారు నూరు టన్నులు మిగిలి ఉంది. దానితోపాటు పీపాలలో వచ్చిన ఆపిల్ పండ్లు చెడలేదు. అవి చలిదేశంలో పుట్టి చల్లగానే ఓడ ఎక్కిన పండ్లు. కంపెనీ ప్రభుత్వం సుంకం తీసివేసింది. గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ ఆ మంచును తెచ్చిన రోజర్స్ అనే ప్రతినిధికి బంగారుపూత పూసిన వెండి పాత్రను బహూకరించాడు. కాఫీ గింజల జూదంలో ట్యూడరు తలకెత్తుకొన్న పెను ఋణాలను తీర్చుటకు ఈ కలకత్తా లాభమే ఎక్కువగా తోడ్పడింది.

1839లో ఆంగ్లేయులు నవాబు గులాం రసూల్ ఖాన్ నుండి కర్నూలును లాగుకొన్నారు. ఆ తరువాత మూడేండ్లకు, 1842లో, మద్రాసు తిరువల్లిక్కేణి సముద్రతీరాన ట్యూడరు మంచుగృహం వెలసింది. ఒక వైపు పార్థసారథి ఆలయం, మరొక వైపు వాలాజా మసీదు, తమిళము, తెలుగు, ఉర్దూ కలగలిసి వినిపించే పేట అది. ఓడ వచ్చినప్పుడు గడ్డలను అలలపై పడవలలో దింపి అక్కడ భద్రపరిచేవారు. కాని ఆ మంచు ఎవరి గ్లాసులకు చేరింది? దొరల విందులకు, ధనికుల ఇండ్లకు, కొంత వైద్యానికి. 1876–78 మహాక్షామంలో మన కర్నూలు, కడప సీమలు అలమటించినప్పుడు మద్రాసులో మంచుగృహం నిలిచే ఉంది. అంతకు ముందు మార్టినీకులోను, హవానాలోను అతని ఖాతాదారులు చాలమంది బానిసల చెమటపై బ్రదికే తోటల యజమానులు. ట్యూడరు పట్టుదలను మెచ్చే మేము ఈ సంగతిని దాచుట న్యాయం కాదు.

అతడు ఏబదేండ్ల వయస్సులో, 1834లో వివాహమాడి ఆరుగురు బిడ్డలకు తండ్రి అయ్యాడు. 1864 ఫిబ్రవరి 6న మరణించాడు. అప్పటికే బోస్టను నుండి ఏటా లక్ష టన్నులకు పైగా మంచు సముద్రాలు దాటుతున్నది. ఆ తరువాత ఆవిరియంత్రాలతో మంచును ఇక్కడనే చేయగల కర్మాగారాలు పుట్టి, ఓడ మంచు వర్తకం 1880 ప్రాంతానికి మన దేశంలో అంతరించింది.

కలకత్తా, బొంబాయి మంచుగృహాలు కూలిపోయాయి. మద్రాసుది మిగిలింది. బిళిగిరి అయ్యంగార్ అనే న్యాయవాది దానిని కొని నివాసంగా మార్చాడు. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి అక్కడ బస చేశారు, 1963లో ఆ భవనానికి ఆయన పేరే పెట్టారు. చుట్టుప్రక్కల వీథులవారు మాత్రం నేటికీ తమ పేటను ఐస్ హౌస్ అనే పిలుచుకొంటున్నారు.