రసీదు లేని వసూళ్లు – కొమురం భీం జీవితం

కొమురం భీం పేరు వినని వారు మన ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలలో ఉండరు. జల్, జంగల్, జమీన్ కోసం ప్రాణమిచ్చిన వీరుడిగా ఆయనను అందరం తలచుకుంటాం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్య బతికిన నాకు ఆ జీవితంలో మరొక పాఠం కూడా కనిపిస్తుంది. కింది ఉద్యోగి చేతిలో అధికారం ఉండి, దానికి లెక్క అడిగేవారు లేకపోతే ఏమవుతుందన్నదే ఆ పాఠం.

భీం 1901లో ఆసిఫాబాద్ తాలూకా సంకేపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడు. నిజాం సర్కారు అడవులను రిజర్వు చేస్తూ వచ్చిన రోజులవి. నిన్నటిదాకా తాతముత్తాతలు దున్నిన పోడు ఒక్క గీతతో నేరమైంది. పశువులు మేపినా, వంటచెరకు తెచ్చుకున్నా, నాగలికి కర్ర నరికినా జంగ్లాత్ చౌకీదారు చేయి చాపేవాడు. సర్కారు పన్ను ఒకటైతే మామూలు మరొకటి. రసీదు ఉండదు. ఉన్నా చదివేవారు లేరు. ఇవ్వనివాడి మీద కేసు, దెబ్బలు, గుడిసెకు నిప్పు.

అటవీ సిబ్బందితో జరిగిన ఘర్షణలోనే భీం తండ్రి చనిపోయాడని చెబుతారు. కుటుంబం కరీంనగర్ వైపు సర్దాపూర్‌కు తరలి పోడు కొట్టుకుంది. పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖీ అనే ఆసామి ఆ భూమి తనదని వచ్చాడు. ఆ గొడవలో అతను భీం చేతిలో చనిపోయాడనీ, భీం బల్లార్షా మీదుగా అస్సాం తేయాకు తోటలకు వెళ్లాడనీ గోండు పెద్దల నోట విన్నదే. అక్కడికి పోయే లోపునో, పోయాకనో, చదవడం రాయడం నేర్చుకున్నాడు. అడవిబిడ్డకు కాగితం బలం తెలిసింది.

తిరిగొచ్చాక భీం మొదట పట్టింది తుపాకీ కాదు, దరఖాస్తు. బాబెఝరి, జోడేఘాట్ ప్రాంతంలో ఊళ్లు కట్టుకున్న వారిని బతకనివ్వమని అధికారులకు అర్జీలు పెట్టుకున్నాడు. హైదరాబాద్ దాకా వెళ్లినా నిజాం దర్శనం దొరకలేదని చెబుతారు. పైన ఎవరేమన్నా కింద చౌకీదారు మాటే చట్టమైంది. అప్పుడు పన్నెండు ఊళ్ల గోండులు, కోలాములు ఆయన వెంట నిలిచారు. పట్టాలిస్తామని సర్కారు కబురు పెట్టినా భీం స్వపరిపాలన కావాలన్నాడు. వసూళ్ల చేతులు అవే ఉన్నంతకాలం పట్టా కాగితం నిలవదని అనుకున్నాడేమో అని నాకనిపిస్తుంది. 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పులలో ఆయన, అనుచరులు నేలకొరిగారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి జరుగుతుంది.

ఇంత రక్తం చిందాక గానీ సర్కారు కారణం అడగలేదు. మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను గోండుల స్థితి పరిశీలించమని నియమించింది. భూమి పోవడంతోపాటు అటవీ, రెవెన్యూ, పోలీసు చిన్న ఉద్యోగుల దోపిడీని కూడా ఆయన ఎత్తి చూపారు. మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. వేలమందికి పట్టాలు అందాయి. గిరిజన ప్రాంతాలకు 1946లో ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది. చదువు, పట్టా, పై అధికారి నేరుగా ఊరికి రావడం, ఈ మూడే లంచానికి అప్పుడు దొరికిన మందు.

ఇప్పటి మందులు కూడా ఆ జాతివే. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. విచారణార్హమైన నేరం కనబడితే కేసు నమోదు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. పోలీసులపై ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర, జిల్లా స్థాయిలలో ప్రత్యేక అథారిటీలు పెట్టాలనీ, దర్యాప్తును శాంతిభద్రతల నుండి వేరుచేయాలనీ ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే ఆదేశించింది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. లంచం అడిగితే అవినీతి నిరోధక శాఖకు 1064 నంబరు ఉంది. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతంపై ఇచ్చినవారు ఏడు రోజులలో ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంది. ఇది మన ఇళ్లలో అందరికీ తెలియాలి.

పోలీసుశాఖలో, అటవీశాఖలో నిజాయితీగా పనిచేసి రిటైరైన మిత్రులు మన సంఘంలోనే ఉన్నారు. వారి పేరు నిలబడేది కూడా రసీదు, రిజిస్టరు, పైవాడి తనిఖీ సరిగా ఉన్నప్పుడే. 2016లో ఆసిఫాబాద్ జిల్లాకు భీం పేరు పెట్టుకున్నాం. ఆ జిల్లా కచేరీ గుమ్మం దగ్గర ఒక గోండు ముసలమ్మ అర్జీ ఇచ్చి, పైసా ఇవ్వకుండా, ముద్ర వేసిన రసీదుతో ఇంటికి వెళ్లగలిగిన ప్రతిరోజూ ఆయనకు వర్ధంతే. చదువు రాని ఇరుగుపొరుగువారికి అర్జీ రాసిపెట్టి, రసీదు అడగమని చెప్పడం పింఛనుదారులమైన మనకు చేతకాని పనేమీ కాదు. కలం పట్టడం ఎలాగూ మరచిపోలేదు కదా!